గాలి పొర దాటితేనే కనిపించే వెలుగు

2025 డిసెంబరు 6న, అంగారకుడి చుట్టూ తిరుగుతున్న మావెన్ వ్యోమనౌక ఎప్పటిలాగే గ్రహం చాటుకు వెళ్ళింది. అవతలి నుంచి బయటపడగానే భూమికి సంకేతం అందాలి. అందలేదు. చాటుకు వెళ్ళేవరకూ నౌకలో అన్నీ సవ్యంగానే పనిచేస్తున్నట్టు అది పంపిన సమాచారంలో ఉంది. 2013 నవంబరులో, మన మంగళయాన్ శ్రీహరికోట నుంచి ఎగిరిన దాదాపు రెండు వారాలకు మావెన్ అమెరికా నుంచి బయలుదేరింది. 2014 సెప్టెంబరులో మంగళయాన్ కన్నా రెండు మూడు రోజుల ముందు కుజుడిని చేరింది. ఆపైన పదకొండేళ్ళు అక్కడి పైగాలిని ఓపికగా చదువుతూ వచ్చింది. ఎన్నికలూ యుద్ధాలూ నిండిన వార్తల మధ్య దాని మౌనం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. అయినా అక్కడ ఆగి తలచుకోవలసిన సంగతి ఒకటుంది. మనిషి కన్ను ఎన్నటికీ చూడలేని ఒక వెలుగును చూసే పరికరం మావెన్‌లో ఉంది. అలాంటి పరికరాలు ఇప్పుడు లోకంలో చాలా కొద్ది.

ధ్రువకాంతి అనగానే నార్వే, ఐస్‌లాండ్, అలాస్కా ఆకాశాల్లో కదిలే ఆకుపచ్చ తెరలు గుర్తొస్తాయి. 2024 మే 10 రాత్రి సూర్యుడి మీద రేగిన తుఫాను ధాటికి మన లద్దాఖ్‌లోని హాన్లేలో సైతం ఆకాశం అంచు ఎర్రబడింది. అక్కడి ఖగోళ పరిశోధనశాల కెమెరాలు దాన్ని పట్టుకున్నాయి. సూర్యుడి నుంచి విద్యుదావేశం ఉన్న కణాలు ఎప్పుడూ వీస్తూనే ఉంటాయి. భూమి అయస్కాంత క్షేత్రం వాటిని చాలావరకు పక్కకు మళ్ళిస్తుంది. ఆ క్షేత్రంలోనే వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు కొన్ని ధ్రువాల వైపు దిగివచ్చి గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను తాకినప్పుడు అవి వెలుగుతాయి. ఆకుపచ్చ, ఎరుపు, ఊదా వన్నెలు కంటికి అందే భాగం మాత్రమే. గురుడు, శని వంటి గ్రహాలకు వెళ్తే అక్కడి గాలి ముఖ్యంగా హైడ్రోజన్. దాన్ని ఎలక్ట్రాన్లు తాకితే పుట్టే వెలుగులో చాలా భాగం ఊదారంగుకు అవతల, మన చూపు ఆగిపోయే చోటు తర్వాత ఉంటుంది. అది అతినీలలోహిత కాంతి.

అలాంటి కాంతి ఒకటుందని మనిషికి తెలిసి రెండు శతాబ్దాలు దాటింది. 1801లో జర్మనీలోని జేనాలో యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్ అనే యువ శాస్త్రవేత్త ఎండను పట్టకంతో రంగులుగా విడదీసి, ఒక్కో రంగు పడేచోటా సిల్వర్ క్లోరైడ్ ఉంచి చూశాడు. వెలుగు సోకితే నల్లబడే పదార్థం అది. అన్నిటికన్నా త్వరగా నల్లబడింది ఊదారంగు పక్కన, ఏ రంగూ కనిపించని ఖాళీ చోట. మరో వందేళ్ళకు, 1906లో, హార్వర్డ్‌లో థియొడోర్ లైమన్ ఇంకా దూరం వెళ్ళి హైడ్రోజన్ వెలువరించే అతినీలలోహిత గీతలను కనుక్కున్నాడు. వాటిలో ముఖ్యమైన దాని తరంగదైర్ఘ్యం 121.6 నానోమీటర్లు. దాన్నే లైమన్ ఆల్ఫా అంటున్నాం. దాన్ని పట్టుకోవడానికి ఆయన తన పరికరంలోంచి గాలినంతా తోడేయాల్సి వచ్చింది. గదిలో ఉండే కాస్త గాలి చాలు, ఆ కాంతిని మింగేయడానికి.

గదిలో గాలే మింగేస్తే నెత్తిన ఉన్న గాలి సంగతి చెప్పనక్కర్లేదు. పైన ఓజోన్, ఆక్సిజన్ కలిసి ఆ కాంతిని చాలా ఎత్తులోనే ఆపేస్తాయి. ఆపకపోతే నేల మీద పచ్చని ఆకు ఉండదు, మనమూ ఉండం. మనల్ని బతికిస్తున్న గాలే ఇతర గ్రహాల వెలుగును మన దగ్గరికి రానివ్వడం లేదు. ఎంత పెద్ద కొండ మీద ఎంత గొప్ప టెలిస్కోపు పెట్టినా గురుడి అతినీలలోహిత ధ్రువకాంతి అందులో పడదు. అందుకే ఈ విద్య అంతా రాకెట్ల తర్వాత పుట్టింది. ఒక్క మనిషి జీవితకాలంలో నేర్చుకున్నదంతా ఇది.

1979 మార్చిలో గురుడిని దాటి వెళ్తూ వాయేజర్-1 అక్కడి ధ్రువాల దగ్గర ఈ వెలుగును గుర్తించింది. భూకక్ష్యలో ఉన్న అంతర్జాతీయ అతినీలలోహిత ఉపగ్రహం కూడా అదే ఏడు ఆ వెలుగును చూసింది. 1978లో ఎగిరి 18 ఏళ్ళకు పైగా పనిచేసిన ఆ ఉపగ్రహానికి ఉన్న అద్దం వ్యాసం 45 సెంటీమీటర్లే. వాయేజర్ ప్రయాణంలోనే మరో వింత బయటపడింది. నౌక పంపిన ఒక ఛాయాచిత్రంలో, గురుడి ఉపగ్రహం అయో అంచున పైకి లేచిన మసకను లిండా మొరాబిటో అనే ఇంజనీరు గమనించారు. భూమికి బయట మనిషి చూసిన మొట్టమొదటి సజీవ అగ్నిపర్వతం అది. ధ్రువాల వెలుగుకూ ఆ అగ్నిపర్వతానికీ సంబంధం ఉందని క్రమంగా తెలిసివచ్చింది.

అయో మీద కొన్ని వందల అగ్నిపర్వతాలున్నాయి. వాటి పుణ్యాన సెకనుకు దాదాపు ఒక టన్ను గంధకపు వాయువు ఆ ఉపగ్రహాన్ని వదిలి వెళ్తుంది. అది గంధకం, ఆక్సిజన్ అయాన్లుగా విడిపోయి గురుడి చుట్టూ వలయంలా అల్లుకుంటుంది. గురుడు పది గంటలలోపే ఒక చుట్టు తిరుగుతాడు. అంత వేగంగా తిరిగే గ్రహం తన బ్రహ్మాండమైన అయస్కాంత క్షేత్రంతో ఈ పదార్థాన్నంతా తన వెంట ఈడ్చుకుపోవాలని చూస్తుంది. పదార్థం దూరం జరిగేకొద్దీ వెనకబడుతుంది. ఆ లాగులాటలో పుట్టిన విద్యుత్ ప్రవాహాలే ధ్రువాల మీద ఎలక్ట్రాన్ల వాన కురిపిస్తాయి. భూమి మీద ధ్రువకాంతి సూర్యుడి దయ. గురుడిది చాలావరకు సొంత ఇంటి సంపాదన. అందుకే అక్కడ అది ఆరిపోవడం ఉండదు. ధ్రువం చుట్టూ వెలిగే ఆ కాంతి వలయం వ్యాసంలో మన భూమి మొత్తం ఇమిడిపోయి ఇంకా చోటు మిగులుతుంది.

హబుల్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన చిత్రాల్లో ఆ పెద్ద వలయానికి దూరంగా చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. ఒకటి అయోది, ఒకటి యూరోపాది, ఒకటి గానిమీడ్‌ది. ఒక్కో ఉపగ్రహం నుంచి అయస్కాంత రేఖల వెంట విద్యుత్తు దిగి, గురుడి గాలిలో తాకిన చోట వెలిగే చుక్క అది. లక్షల కిలోమీటర్ల దూరంలో ఒక ఉపగ్రహం కదిలితే ఇక్కడ దాని చుక్కా కదులుతుంది. ఆ బొమ్మను చూసిన ప్రతిసారీ మనసు నిండుతుంది. ఏ శాస్త్రవేత్తా గీయకుండానే కనిపించని బంధం ఒకటి అక్కడ తనను తాను గీసుకుని చూపిస్తోంది.

గానిమీడ్ గురించి ఇంకొంచెం చెప్పాలి. సౌరకుటుంబంలోని ఉపగ్రహాలన్నిటిలో పెద్దది, బుధగ్రహం కన్నా కూడా పెద్దది. సొంత అయస్కాంత క్షేత్రం ఉన్న ఉపగ్రహం మనకు తెలిసినంతలో అదొక్కటే. 1996లో గెలీలియో నౌక ఆ సంగతి కనిపెట్టింది. క్షేత్రం ఉంది కాబట్టి పలుచని గాలిలో దానికి రెండు చిన్న ధ్రువకాంతి వలయాలు కూడా ఉన్నాయి. గురుడు తిరుగుతుంటే గురుడి క్షేత్రం గానిమీడ్ దగ్గర అటూ ఇటూ ఒరుగుతుంది, దాంతో ఈ వలయాలూ ఊగాలి. లెక్క ప్రకారం దాదాపు 6 డిగ్రీలు ఊగాలి. జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయానికి చెందిన యోఆకిమ్ సౌర్ బృందం హబుల్‌తో గమనిస్తే అవి 2 డిగ్రీల మేరకే ఊగుతున్నాయి. ఏదో ఆ ఊపును అడ్డుకుంటోంది. విద్యుత్తును ప్రసరింపజేసే ఉప్పునీరు లోపల ఉంటే, అది ఎదురు క్షేత్రాన్ని పుట్టించి ఇలా అడ్డుకోగలదు. 2015లో ఈ ఫలితం వెలువడింది. దాదాపు 150 కిలోమీటర్ల మందాన మంచు, దాని కింద దాదాపు 100 కిలోమీటర్ల లోతున సముద్రం ఉంటాయని అంచనా. భూమి మీది నీళ్ళన్నీ కలిపినా దానికి చాలవు. కొబ్బరికాయను పగలగొట్టకుండా చెవి దగ్గర ఊపి లోపలి నీటిని పసిగట్టడం మన ఇళ్ళలో అందరికీ తెలిసిన విద్యే. గానిమీడ్ విషయంలో జరిగింది అదే. మంచుకు ఒక్క గాటు కూడా పెట్టలేదు. పైన ఊగుతున్న వెలుగును చూసి అడుగున నీళ్ళున్నాయని తెలుసుకున్నారు. శాస్త్రంలో ఇంత సున్నితమైన పని ఎక్కువగా చూడం.

శనికీ ఈ వెలుగుంది, 2004 జనవరిలో హబుల్, కాసిని నౌక కలిసి దాన్ని రోజుల తరబడి వెంబడించాయి. పక్కకు ఒరిగి దొర్లుతున్నట్టు తిరిగే యురేనస్‌లో అయస్కాంత అక్షం భ్రమణ అక్షానికి 59 డిగ్రీల దూరం జరిగి ఉంది. అందుకే అక్కడి ధ్రువకాంతి ధ్రువాన్ని పట్టుకుని ఉండదు. 2011లో హబుల్ దాన్ని చిన్న మచ్చలుగా చూసింది.

ఇక అంగారకుడు. అక్కడి వెలుగును గురుడి వెలుగులాగా సంతోషంగా చూడలేం. అంగారకుడికి ఇప్పుడు గ్రహమంతటినీ కప్పే అయస్కాంత క్షేత్రం లేదు. దాదాపు 400 కోట్ల ఏళ్ళ కిందట అది ఆగిపోయింది. దక్షిణార్ధగోళంలో పాత రాళ్ళలో మిగిలిన అయస్కాంతత్వం అక్కడక్కడా ముక్కలుగా ఉంది. ఐరోపా వారి మార్స్ ఎక్స్‌ప్రెస్ 2004లో ఆ ముక్కల మీదే అతినీలలోహిత ధ్రువకాంతిని మొదటిసారి చూసింది. అక్కడ ఇలాంటిది ఉంటుందని పెద్దగా ఎవరూ ఎదురుచూడలేదు. 2014 డిసెంబరులో మావెన్ చూసింది మరో రకం. ఏ అయస్కాంత ముక్కతోనూ పని లేకుండా, ఉత్తరార్ధగోళం మీద విశాలంగా పరుచుకున్న వెలుగు అది. గ్రహానికి కవచం లేదు కాబట్టి సూర్యుడి కణాలు ఎక్కడపడితే అక్కడ దిగగలవు. ఒక ధ్రువమంటూ లేని ధ్రువకాంతి అది. 2024 మార్చిలో పర్సెవరెన్స్ రోవర్ అంగారకుడి నేల మీద నిలబడి, కంటికి కనిపించే ఆకుపచ్చ కాంతిని కూడా కెమెరాలో పట్టింది. మరో గ్రహం నేల మీది నుంచి ధ్రువకాంతిని చూడటం అదే తొలిసారి.

వీటన్నిటికన్నా మనసులో నిలిచిపోయేది మూడో రకం. దాన్ని ప్రోటాన్ ధ్రువకాంతి అంటారు. అంగారకుడి చుట్టూ చాలా దూరం వరకు పలుచని హైడ్రోజన్ మేఘం ఒకటుంది. నీటి ఆవిరి పైకి లేచి, సూర్యకాంతికి విడిపోయి, బయటికి జారిపోతున్న హైడ్రోజన్ అది. సౌరగాలిలోని ప్రోటాన్లు ఆ మేఘంలో దూరినప్పుడు హైడ్రోజన్ పరమాణువుల నుంచి ఒక్కో ఎలక్ట్రాన్‌ను లాక్కుంటాయి. అలా లాక్కున్న ప్రోటాన్ విద్యుదావేశం పోయి మామూలు హైడ్రోజన్ అవుతుంది. ఇక ఏ అయస్కాంత బలమూ దాన్ని మళ్ళించలేదు. సూటిగా వచ్చి గాలిని తాకి, లైమన్ ఆల్ఫా కాంతిలో వెలుగుతుంది. హార్వర్డ్‌లో గాలి తోడేసిన పరికరంలో లైమన్ చూసిన గీతే ఇది.

ఈ వెలుగు పగటి వైపున వస్తుంది. దక్షిణార్ధగోళంలో వేసవి వచ్చినప్పుడు ఎక్కువగా వస్తుంది. అప్పుడు అంగారకుడు సూర్యుడికి దగ్గరగా ఉంటాడు, దుమ్ము లేస్తుంది, గాలి వేడెక్కుతుంది, నీటి ఆవిరి ఎత్తుకు చేరుతుంది, హైడ్రోజన్ మేఘం దట్టమవుతుంది. అంటే ఆ గ్రహం మీద ప్రోటాన్ ధ్రువకాంతి బలంగా ఉన్న రోజులు నీరు ఎక్కువగా పోతున్న రోజులు. ఒకప్పుడు అక్కడ నదులు పారాయి, సరస్సులు నిండాయి. వాటి అడుగులు ఇప్పటికీ నేల మీద ఉన్నాయి. ఆ నీళ్ళలో ఒక భాగం ఇలా అణువు అణువుగా ఆకాశంలో కలిసిపోయింది, ఇంకా కలిసిపోతోంది. పోతూ పోతూ వెలుగుతోంది. భూమికి క్షేత్రం ఉంది, గాలి ఉంది, నీరుంది అని రోజూ ఎవరం అనుకోం. అంగారకుడి మీద ఈ కాంతి గురించి చదివాక వేసవి మధ్యాహ్నం కుండలో నీళ్ళు ముంచుకునేటప్పుడు కూడా అది గుర్తొస్తుంది.

అంగారకుడి నీరు ఎంత పోయిందన్న ప్రశ్నకు జవాబు వెదికినవాళ్ళలో మనమూ ఉన్నాం. శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న వెళ్ళిన మంగళయాన్‌లో ఐదు పరికరాలుంటే, వాటిలో ఒకటి లైమన్ ఆల్ఫా ఫోటోమీటర్. రెండు కిలోల బరువైనా లేని ఆ చిన్న పరికరం పని, అంగారకుడి పైగాలిలో మామూలు హైడ్రోజన్ ఎంత, బరువైన డ్యుటీరియం ఎంత అని కొలవడం. తేలికది త్వరగా పారిపోతుంది, బరువైనది వెనకబడుతుంది. రెండింటి పాళ్ళను బట్టి ఎంత నీరు పోయిందో అంచనా కట్టవచ్చు. మంగళయాన్ అనగానే తక్కువ ఖర్చు గురించే అందరం చెప్పుకున్నాం. అందులో ఇలాంటి పరికరం వెళ్ళిందనీ, అది అడగబోయిన ప్రశ్న ఇంత లోతైనదనీ పిల్లలకు చెప్పిన బడులు ఎక్కువ ఉండవు. ఆ నౌక కూడా 2022లో మూగబోయింది.

ఇక్కడే మా అసలు బాధ. అతినీలలోహిత కాంతిని చూడాలంటే గాలి పైకి వెళ్ళక తప్పదు. అంటే ప్రతి పరికరానికీ ఒక ఆయుష్షు ఉంటుంది. గ్రహాల మీది ఈ వెలుగును ఇన్నేళ్ళుగా మనకు చూపిస్తున్న పెద్ద టెలిస్కోపు ఒక్క హబులే. అది ఎగిరింది 1990 ఏప్రిల్‌లో. వ్యోమగాములు చివరిసారి వెళ్ళి బాగుచేసింది 2009లో. వాళ్ళను తీసుకెళ్ళిన షటిల్ వాహనాలు 2011తో ఆగిపోయాయి. 2024 జూన్ నుంచి హబుల్ ఒకే గైరోస్కోపు మీద నెట్టుకొస్తోంది. దాని స్థానంలో జేమ్స్ వెబ్ వచ్చింది కదా అని చాలామంది అనుకుంటారు. వెబ్ గొప్ప పరికరం, కాదనలేం. కానీ అది చూసేది పరారుణ కాంతిని, కనిపించే రంగుల్లో ఎరుపు వైపున కొంత భాగాన్ని. ఊదారంగుకు అవతలి వైపు దానికి పూర్తిగా చీకటి.

ఈ తేడా ఎంత ముఖ్యమో 2023 డిసెంబరు 25న తెలిసింది. బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన జొనాథన్ నికోల్స్ బృందం ఆ రోజు వెబ్‌నూ హబుల్‌నూ ఒకేసారి గురుడి ధ్రువకాంతి మీదికి తిప్పింది. వెబ్‌లో అన్నిటికన్నా ప్రకాశంగా వెలిగిన భాగానికి జోడీగా హబుల్ చిత్రంలో ఏమీ లేదు. రెండు పరికరాలు చెప్పింది కలిసి నిజం కావాలంటే, చాలా తక్కువ శక్తి ఉన్న కణాలు పెద్ద మొత్తంలో గాలిని తాకుతూ ఉండాలి. అలా జరగడం సాధ్యం కాదని అప్పటిదాకా అనుకునేవారు. 2025 మేలో ప్రచురించిన ఆ ఫలితానికి జవాబు వెదుకుతున్నారు. ఒక్క వెబ్ చిత్రమే ఉండి ఉంటే అందమైన బొమ్మ దొరికిందని సంతోషించి ఊరుకునేవాళ్ళం. అక్కడ ఒక ప్రశ్న ఉందని కూడా తెలిసేది కాదు. రేపు హబుల్ ఆగిపోతే, ఇలాంటి ప్రశ్నలు పుట్టే దారే మూసుకుపోతుంది.

దూరపు గ్రహాల మీద ఎవరూ లేనిచోట వెలిగే వెలుగుకు ఇంత ఖర్చెందుకు అని అడిగేవారున్నారు. ఆసుపత్రిలో మంచం దొరకని దేశంలో అది న్యాయమైన ప్రశ్నే. దానికి ఒక్క జవాబుతో నోరు మూయించాలని లేదు. అయితే ఒకటి చెప్పాలి. గానిమీడ్ లోపలి నీటి జాడ, అంగారకుడి నుంచి పోతున్న నీటి లెక్క ఈ కాంతిలో ఇంత బాగా తెలిశాయి. ఒక గ్రహం తన గాలిని ఎలా నిలుపుకుంటుంది, ఎలా పోగొట్టుకుంటుంది అనేది గాలి మీద బతికే ప్రతి ప్రాణికీ సొంత విషయం.

ఆశ లేకపోలేదు. 2023 ఏప్రిల్‌లో బయలుదేరిన ఐరోపా వారి జ్యూస్ నౌక 2031లో గురుడిని చేరి, చివరికి గానిమీడ్ చుట్టూ తిరగబోతోంది. దానిలో అతినీలలోహిత పరికరం ఉంది. 2024 అక్టోబరులో యూరోపా దిశగా వెళ్ళిన క్లిప్పర్‌లోనూ ఉంది. కానీ ఇవి ఒక్కో గ్రహం దగ్గరికి వెళ్ళే నౌకలు. భూమి దగ్గర ఉండి, అవసరమైనప్పుడు గురుడి వైపో, శని వైపో, యురేనస్ వైపో తిరిగే పెద్ద టెలిస్కోపు వేరు. హబుల్ తర్వాత అలాంటిది నిలబెట్టడానికి అమెరికా వేసుకున్న ప్రణాళికలు 2040ల దాకా సాగేవి.

మన దేశానికి ఈ కాంతి కొత్తది కాదు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆస్ట్రోశాట్‌లో 38 సెంటీమీటర్ల అద్దాలున్న జంట అతినీలలోహిత టెలిస్కోపులున్నాయి. నక్షత్రాలను, గెలాక్సీలను చూడటంలో అవి మంచి పేరు తెచ్చుకున్నాయి. ఆదిత్య-ఎల్1లోని మరో టెలిస్కోపు, ధ్రువకాంతులకు మూలమైన సూర్యుడినే అతినీలలోహితంలో చూస్తోంది. ఆ తర్వాతి మెట్టుగా మీటరు వ్యాసం అద్దంతో ఇన్సిస్ట్ అనే అతినీలలోహిత టెలిస్కోపును బెంగుళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ ప్రతిపాదించింది. అది గ్రహాల కోసమే తలపెట్టినది కాదు, హబుల్ అంత పెద్దదీ కాదు. అయినా ఈ కాంతిని చూసే పరికరాలు లోకంలో తగ్గిపోతున్న వేళ, ఒక పరికరాన్ని పైకి పంపగల నైపుణ్యం ఉన్న దేశం ఆలస్యం చేయడం సరికాదు. ఆ ప్రతిపాదనకు త్వరగా ఆమోదం, దానికి తగిన డబ్బు ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.